పాత వైట్ డ్వార్ఫ్ సంచికలు చదువుతున్నాను, ఆడడానికి తోడు లేరు

బెజవాడ పాఠకుడు | అక్టోబర్ 4, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారి అబ్బాయి నాటింగ్‌హామ్‌లో చదువు పూర్తిచేసి పోయిన నెల ఇంటికి వచ్చాడు. అక్కడ పాత సరుకుల దుకాణంలో కొన్నానంటూ ఒక బరువైన సంచి నా చేతిలో పెట్టాడు. అందులో పద్నాలుగు వైట్ డ్వార్ఫ్ సంచికలు, అన్నీ 1990ల నాటివి. బల్లమీద బొమ్మ సైనికులతో ఆడే యుద్ధాల గురించి ఇంగ్లండ్‌లో వచ్చే పత్రిక అది. అట్టల అంచులు నలిగాయి, ఒకదాని మధ్య పేజీలు పిన్నుల నుంచి ఊడివచ్చాయి. చిన్నప్పుడు నేను ప్లాస్టిక్ సైనికులను గచ్చుమీద బారులు తీర్చి ఆడేవాణ్నని అన్నయ్యకు గుర్తుంది, అందుకే తెచ్చాడు.

ఇప్పటికి నాలుగు సంచికలు అట్ట నుంచి అట్ట దాకా చదివాను. ఆట నియమాల పుస్తకం నా దగ్గర లేదు, ఒక్క బొమ్మ కూడా లేదు. అయినా పోరు నివేదిక వచ్చే పేజీల దగ్గర ఆగిపోతున్నాను. ముందు ఒక ఆటగాడు తన సైన్యాన్ని ఎందుకు అలా ఎంచుకున్నాడో, ఏ దళాన్ని ఎక్కడ నిలబెట్టదలచాడో చెప్తాడు. తర్వాత రెండోవాడు చెప్తాడు. ఒకరి పథకం మరొకరికి తెలియదు. చదివే నాకు రెండూ తెలుసు. ఆపైన వంతు వంతుకూ ఒక పటం, బాణం గుర్తులు. నిన్న చదివిన దానిలో ఒకతను కొండమీద ఫిరంగి పెట్టాడు. ఆ రోజుల్లో దూరం టేపుతో కొలవకూడదట, కంటితో అంచనా వేసి అంగుళాల్లో చెప్పాలట. చెప్పాడు, పాచిక వేశాడు, ఫిరంగి పేలిపోయింది. పథకమంతా దానిమీదే నిలబడి ఉందని అతని కన్నా ముందు పేజీ చదివిన నాకు బాగా తెలుసు. పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను.

నా ప్రశ్న ఇది. విజయవాడలో నాతో ఆడేవాళ్లు ఎవరూ లేరు. ఆడకుండా కేవలం చదివేవాడికి ఈ అభిరుచిలో చోటు ఉంటుందా? ఉంటే, ఇవి చదివాక ఎక్కడ మొదలుపెట్టాలి?

పాచికల సంచి | అక్టోబర్ 4, రాత్రి 11:03

తప్పకుండా ఉంటుంది. నేను హైదరాబాద్‌లో ఉంటాను. ఇక్కడ ఆరుగురం నెలకొకసారి కలిసి ఆడుతున్నాం. ఆ ఆరుగురిలో నలుగురు ముందు ఏళ్ల తరబడి చదివినవాళ్లే. ఇటు ఎప్పుడైనా వస్తే చెప్పండి, బల్ల మాది, సైన్యం కూడా మాదే.

పాత సంచిక | అక్టోబర్ 5, ఉదయం 6:40

బెజవాడ పాఠకుడు గారూ, నేను లెస్టర్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఉంటున్నాను. మీ ప్రశ్నకు ఈ ఆట చరిత్రే సమాధానం చెప్తుంది. ఈ అభిరుచి పెరిగిందే కాగితం మీద.

1913లో హెచ్.జి. వెల్స్ ఇంట్లో నేలమీద బొమ్మ సైనికులతో ఆడే యుద్ధానికి నియమాలు రాసి అచ్చువేశాడు. స్ప్రింగు ఫిరంగితో సీసపు బొమ్మలను పడగొట్టే ఆట అది. కానీ ఆడేవాళ్లు ఊరికొకరు ఉండేవారు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. వాళ్లను కలిపింది చిన్న చిన్న పత్రికలే. అమెరికాలో జాక్ స్క్రూబీ 1957లో ఒకటి మొదలుపెట్టాడు. ఇంగ్లండ్‌లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 1962 నుంచి 1980 దాకా నెలనెలా ఒక వార్తాపత్రిక నడిపాడు. ఆయన సౌతాంప్టన్ ఫుట్‌బాల్ జట్టుకు ఫిజియోథెరపిస్టు. పగలు ఆటగాళ్ల మోకాళ్లు చూసుకుని, రాత్రి చందాదారుల ఉత్తరాలు చూసుకునేవాడు. ఆ చందాదారుల్లో ఎంతోమందికి మీలాగే ఎదుటి ఆటగాడు లేడు. ఒంటరిగా రెండు పక్షాలూ తామే ఆడుకుని, ఫలితం ఉత్తరంలో రాసి పంపేవారు.

వైట్ డ్వార్ఫ్ 1977 జూన్‌లో మొదలైంది, సంపాదకుడు ఇయాన్ లివింగ్‌స్టోన్. మొదట్లో రెండు నెలలకొకటి వచ్చేది. అప్పుడది అన్ని కంపెనీల ఆటలకూ చెందిన పత్రిక. పాత్రధారణ ఆటలకు, అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ నడిపే ఆటలకు, పాఠకులే రాక్షసులను కల్పించి పంపేవారు. పత్రికను నడిపే గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ సొంత యుద్ధపు ఆటలు, 1983లో వార్‌హామర్, 1987లో వార్‌హామర్ 40,000 వచ్చాయి. ఆ దశాబ్దం ముగిసేసరికి పత్రిక పూర్తిగా సొంత సంస్థ బొమ్మలకే పరిమితమైంది. మీ దగ్గరున్నవి ఆ మార్పు తర్వాతి సంచికలు. నేను ఆ మార్పుతో చందా మానేశాను, ఇప్పటికీ నాకు ఆ బాధ ఉంది.

చారిత్రక యుద్ధాల మీద మనసు ఉంటే 1987లో డంకన్ మాక్‌ఫార్లేన్ స్థాపించిన వార్‌గేమ్స్ ఇలస్ట్రేటెడ్ చదవండి. అందులో ఏ ఒక్క కంపెనీ నియమాలకూ కట్టుబడాల్సిన పని లేదు.

పాచికల సంచి | అక్టోబర్ 5, ఉదయం 9:15

పాత సంచిక గారి మీద గౌరవంతోనే ఒక మాట. సొంత సరుకు గురించే రాసినా 1990ల వైట్ డ్వార్ఫ్‌లో మనుషులు కనిపిస్తారు. నలుగురు ఆటగాళ్లు నెలకు ఇంత డబ్బు అని హద్దు పెట్టుకుని, ఒక్కొక్కరు ఒక్కో సైన్యం కూర్చుకుంటూ పోయిన ధారావాహిక ఉంది. ఈ నెల ఏమి కొన్నారు, ఎంతవరకు రంగు వేశారు, వేయలేకపోతే ఎందుకు వేయలేదు, అన్నీ రాసేవారు. ఒక నెల ఆలస్యమైతే అదీ అచ్చులో ఉండేది. అది చదివే మేము నెలకు ఇంత అని పక్కన పెట్టుకుని మొదలుపెట్టాం. ఇప్పటికీ మా హైదరాబాద్ బృందానికి అదే పద్ధతి. అది చదివి ఉండకపోతే ఒకేసారి పెద్ద పెట్టె కొని, సగం బొమ్మలకు రంగు వేయకుండా అటకమీద పడేసేవాళ్లం.

రంగులడబ్బా | అక్టోబర్ 5, మధ్యాహ్నం 2:27

నేను బెంగళూరులో ఉంటాను. నేను ఆడను, ఆడాలన్న కోరికా లేదు. రంగులు వేస్తాను, అంతే. వైట్ డ్వార్ఫ్‌లో నాకు కావలసినవి ‘ఎవీ మెటల్’ పేజీలు. సంస్థలో పనిచేసే చిత్రకారుల బృందం రంగు వేసిన బొమ్మలను పెద్ద ఫొటోలుగా వేస్తారు.

బెజవాడ పాఠకుడు గారూ, ఇంట్లో భూతద్దం ఉంటే ఆ పేజీ మీద పెట్టి చూడండి. ఎర్రటి అంగీ వేసుకున్న బొమ్మ ఏదైనా తీసుకోండి. దూరం నుంచి ఒకటే ఎరుపు. దగ్గరికి వెళ్తే ముడతల లోతులో దాదాపు గోధుమరంగు, దానిమీద ముదురు ఎరుపు, మడత పైభాగాన ప్రకాశవంతమైన ఎరుపు, చిట్టచివర అంచున వెంట్రుక వాసి నారింజ గీత. ఆ గీత గీసేటప్పుడు కుంచె మొన వాడరు, పక్కభాగాన్ని అంచుకు ఆనించి లాగుతారు. ఈ సంగతి నాకు ఎవరూ నేర్పలేదు. ఒకే ఫొటోను వారం రోజులు చూస్తే, గీత మందం ఎక్కడా మారకపోవడం గమనించి అర్థమైంది. నిలిచి ఉన్న ఫొటో, కావలసినంత సేపు చూడనిస్తుంది.

ఒక హెచ్చరిక. ఆ సంచికల్లో చెప్పిన రంగుల పేర్లు ఇప్పుడు దుకాణంలో దొరకవు. 2012లో ఆ సంస్థ సిటడెల్ పేరుతో అమ్మే రంగుల పేర్లన్నీ మార్చారు. పాత పేరుకు కొత్త రంగు ఏదో చెప్పే పట్టికలు ఉన్నాయి, వెతికితే దొరుకుతాయి.

ఇంకొకటి. పాత లోహపు బొమ్మలు ఎవరైనా ఇస్తే, అవి సీసం కలిసినవి కావచ్చు. ఆకురాయితో రుద్దిన పొడి పీల్చకండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, చిన్నపిల్లలకు అందనీయకండి.

బెజవాడ పాఠకుడు | అక్టోబర్ 6, రాత్రి 9:50

భూతద్దం దొరికింది. మా నాన్నగారు నీటిపారుదల శాఖలో సర్వేయరుగా చేసి రిటైరయ్యారు, పటాలు చూసే అద్దం ఇంకా బీరువాలో ఉంది. రంగులడబ్బా గారు చెప్పిన నారింజ గీత కనిపించింది. అద్దం లేకుండా చూస్తే లేదు, పెడితే ఉంది. నాన్నగారిని కూడా పిలిచి చూపించాను. ఆయన బొమ్మను వదిలేసి పక్క పేజీలోని యుద్ధ పటాన్ని చాలాసేపు చూశారు. “ఉత్తరం ఎటో వేయలేదేమిటి?” అన్నారు.

నాటింగ్‌హామ్ నుంచి | అక్టోబర్ 7, ఉదయం 4:18

మీ అన్నయ్య తిరిగిన ఊళ్లోనే ఉంటున్నాను. బొమ్మ సైనికుల వ్యాపారాలన్నీ ఈ ఊరి చుట్టూ చేరడం వల్ల ఈ ప్రాంతాన్ని ‘సీసపు పట్టీ’ అని పిలుస్తారు. ఊళ్లోని లెంటన్‌లో వార్‌హామర్ వరల్డ్ అనే సందర్శన కేంద్రం ఉంది. ఈ పరిసరాల్లో ఉన్న ఎన్నో చిన్న కంపెనీలను ఒకప్పుడు వైట్ డ్వార్ఫ్‌కో, సిటడెల్‌కో పనిచేసినవాళ్లే పెట్టారు. వైట్ డ్వార్ఫ్ సంపాదకుడిగా చేసిన పాల్ సాయర్ 2007లో మరొకరితో కలిసి వార్లార్డ్ గేమ్స్ పెట్టాడు. చారిత్రక బొమ్మలు వాళ్ల ప్రత్యేకత.

పాత పత్రికలు కావాలంటే న్యూఆర్క్‌లో జరిగే పార్టిజాన్ లాంటి ప్రదర్శనలకు రావాలి. పాత సరుకు అమ్ముకునే బల్లల కింద అట్టపెట్టెల్లో దొంతరలు ఉంటాయి. పోయినసారి ఒక పెద్దాయన తన నలభై ఏళ్ల సంచికలు తెచ్చాడు. కొంటున్నవాళ్లను ఒక్కొక్కరినీ నువ్వేమి ఆడతావని అడిగి, ఆ ఆటకు పనికొచ్చే సంచిక తానే వెతికి ఇచ్చాడు.

పత్రిక ఆగిపోలేదు కూడా. 2014లో వారపత్రిక చేశారు, 2016 సెప్టెంబర్‌లో మళ్లీ మాసపత్రిక అయింది. 2024లో 500వ సంచిక వచ్చింది.

గోదారి గట్టు | అక్టోబర్ 9, రాత్రి 8:33

మొదటిసారి రాస్తున్నాను. మాది పిఠాపురం దగ్గర. పాత సంచిక గారు చారిత్రక యుద్ధాలు అన్నారు కాబట్టి చెప్తున్నాను. మా ఊరికి దగ్గర్లోని చందుర్తిలో 1758 డిసెంబర్‌లో ఒక యుద్ధం జరిగింది. ఇంగ్లిషు పుస్తకాల్లో కొండోర్ యుద్ధం అంటారు.

బొబ్బిలి యుద్ధం తర్వాత విజయనగరం గద్దెనెక్కిన ఆనందరాజు ఫ్రెంచివారికి ఎదురుతిరిగి, ఇంగ్లిషువారిని పిలిచాడు. క్లైవు బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డ్‌ను పంపాడు. అతని దగ్గర తెల్ల సైనికులు 470 మంది, సిపాయిలు 1,900 మంది. ఎదురుగా ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ దగ్గర తెల్లవాళ్లు 500, సిపాయిలు 6,000, ఫిరంగులు ముప్పైకి పైగా.

ఫోర్డ్ తన తెల్ల దళాన్ని మధ్యలో పెట్టాడు, వాళ్ల ముందు నిలువెత్తు పైరు. ఇరువైపులా సిపాయిలు. ఆ సిపాయిలకు ఎర్రకోట్లు ఉన్నాయి. సిపాయి దళాల్లో చిన్న చిన్న జెండాలు చాలా ఉండేవి, వాటిని దించేయమన్నాడు. ఫ్రెంచివారు ఎర్రకోట్లు చూసి, వీళ్లే ఇంగ్లిషు దళమని వాళ్లమీదికి పోయారు. సిపాయిలు చెదిరిపోయారు. వాళ్లను తరుముకుంటూ ఫ్రెంచి దళం వరస తప్పింది. అప్పుడు పైరులోంచి అసలు దళం బయటికి వచ్చి పక్కనుంచి ఒక్కుమ్మడిగా తుపాకులు పేల్చింది. యుద్ధం అక్కడే తేలిపోయింది. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కూడా ఇంగ్లిషువారి చేతికి పోయింది.

దీన్ని ఎవరైనా బల్లమీద ఆడారా?

బెజవాడ పాఠకుడు | అక్టోబర్ 9, రాత్రి 8:51

గోదారి గట్టు గారూ, ఇది చదివాక నిద్ర పట్టేలా లేదు. విశాఖ వెళ్లేటప్పుడు ఆ వైపుగా ఎన్నిసార్లు పోయానో. దీన్ని ఎలా మొదలుపెట్టాలి? ఎన్ని బొమ్మలు కావాలి?

పాత సంచిక | అక్టోబర్ 10, ఉదయం 6:05

పత్రికల్లో సినారియో, అంటే ఒక పోరును ఆటగా మలిచే వివరం, రాసే పద్ధతి మీకిప్పుడు అలవాటైంది కదా, అదే పద్ధతిలో వెళ్లండి. సైన్యాలు, నేల, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ప్రత్యేక నియమాలు, గెలుపు అంటే ఏమిటి. ఒక్క పేజీ దాటకూడదు.

ఒక బొమ్మ యాభై మందికి సమానం అనుకోండి. ఫోర్డ్ తెల్ల దళం సుమారు పది బొమ్మలు, సిపాయిలు ముప్పై ఎనిమిది. ఫ్రెంచివారు పది, వాళ్ల సిపాయిలు నూట ఇరవై. మొదటి ఆటకు బొమ్మలు కొనకండి. అట్టముక్క మీద పదేసి మంది సైనికులను గీసి కత్తిరించి నిలబెట్టండి. అప్పుడు మొత్తం పద్దెనిమిది అట్టముక్కలు, అంతే.

ఆనందరాజు సైన్యం పోరులో పెద్దగా దిగలేదు, మొదటిసారికి వదిలేయవచ్చు.

గోదారి గట్టు | అక్టోబర్ 10, ఉదయం 7:30

వదలవద్దండీ. యుద్ధం ఆయన పిలుపుమీద జరిగింది. కదలకపోయినా సరే, వెనకాల రెండు ముక్కలు నిలబెట్టండి.

పాత సంచిక | అక్టోబర్ 10, ఉదయం 7:44

మీరన్నదే సబబు. రెండు ముక్కలు పెట్టండి. ఇక అసలు చిక్కు వేరే. ఈ యుద్ధంలోని కీలకం ఒక రహస్యం. ఆడే ఇద్దరికీ కథ తెలిస్తే ఫ్రెంచి పక్షం ఆడేవాడు పైరు వైపు కన్నెత్తి చూడడు. రహస్యం తెలియని ఎదుటి ఆటగాడు కావాలి.

రంగులడబ్బా | అక్టోబర్ 10, మధ్యాహ్నం 1:12

పైరు సంగతి నేను చెప్తాను. ఇది పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చిన చిట్కా. కొబ్బరి పీచు కాళ్ల పట్టాను ముక్కలుగా కోస్తే కోతకొచ్చిన చేను అవుతుంది. వెనకవైపు నుంచి పదునైన కత్తితో కోయండి, ముందు నుంచి కోస్తే పీచు రాలిపోతుంది. మామూలు బొమ్మలకు, అంటే 28 మిల్లీమీటర్ల వాటికి, అది నడుము దాకా వస్తుంది. మీరు అట్టమీద 15 మిల్లీమీటర్ల ఎత్తు సైనికులను గీస్తే తల కూడా కనిపించదు.

కొత్త పట్టా కొనండి. వాడినదైతే ఎంత కడిగినా ఇసుక వదలదు.

గోదారి గట్టు | అక్టోబర్ 12, రాత్రి 7:58

కొబ్బరి పీచు అంటే మాకు పక్కనే కోనసీమ. బెజవాడ పాఠకుడు గారి చిరునామా వ్యక్తిగత సందేశంలో అందింది, రెండు పట్టాలు పంపాను. పైరు రంగు గురించి ఒక మాట. ఆ కాలపు ఇంగ్లిషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ దాన్ని మొక్కజొన్న అన్నట్టు రాశాడు. మా నల్లరేగడిలో ఆ రోజుల్లో మనిషిని దాచే పైరంటే జొన్నే అయి ఉంటుందని మా తాతగారి నమ్మకం. డిసెంబర్‌లో ఆకు పూర్తిగా ఎండదు. కాబట్టి పట్టాకు అడుగున కాస్త పచ్చ రంగు అద్దండి.

బెజవాడ పాఠకుడు | నవంబర్ 17, రాత్రి 11:20

నిన్న ఆదివారం ఆడాం. ఎదుటి ఆటగాడు మా నాన్నగారు. ఆయనకు యుద్ధం గురించి ఏమీ చెప్పలేదు, ఊరి పేరు కూడా చెప్పలేదు. పత్రికలో వేసినట్టే రాస్తున్నాను.

*నాన్నగారి పథకం, ఆయన మాటల్లోనే:* “నా దగ్గర మనుషులెక్కువ. ఎదుటివాడి దగ్గర తెల్ల దళం ఒక్కటే గట్టిదని నువ్వే చెప్పావు. అది ఎక్కడుందో కనుక్కుని, నా దళాన్ని దానిమీదికి పంపిస్తాను. అది విరిగితే మిగిలినవాళ్లు నిలబడరు. చేలమీదుగా పోను, బురద ఉంటుంది.”

*నా పథకం:* భోజనాల బల్లమీద ఆరు చేలు పరిచాను, అన్నీ ఒకే ఎత్తు. మూడో దానిలో ఫోర్డ్ దళం ముక్క ఉంది. దాన్ని ముందురోజు రాత్రే పెట్టేశాను. ఎడమ చేతివైపు ఎర్రకోటు సిపాయిలు రెండు ముక్కలు, కుడివైపు రెండు. గోదారి గట్టు గారి మాట ప్రకారం ఆనందరాజు ముక్కలు రెండు, గట్టు వెనక. కాన్‌ఫ్లాన్స్ సిపాయిల పన్నెండు ముక్కలమీదా చిన్న జెండాలు గీశాను. నా సిపాయిలమీద గీయలేదు. ఎందుకని ఆయన అడగలేదు.

మొదటి రెండు వంతులు ఫిరంగులతోనే గడిచాయి. నా కుడివైపు ఒక ముక్క వెనక్కి తగ్గింది. మూడో వంతులో నాన్నగారు కళ్లజోడు సవరించుకుని, వంగి, నా బారును ఒక చివర నుంచి మరో చివరకు చూశారు. తర్వాత తన సిపాయిలను చూశారు. “నా సిపాయిలకు జెండాలున్నాయి. ఈ ఎడమవైపు ఎర్రకోట్లకు లేవు. అంటే వీళ్లు సిపాయిలు కారు” అన్నారు. నేను ఏమీ మాట్లాడలేదు. ఫ్రెంచి దళాన్ని ఎత్తి ఎడమవైపు నడిపించారు.

నాలుగో వంతులో నా సిపాయిలు ఓడి పారిపోయారు. ఆయన తరిమారు. తరుముతూ మూడో చేను పక్కనుంచి, నాలుగు అంగుళాల దూరంలో పోయారు. నేను పీచులో వేళ్లు పెట్టి ఫోర్డ్ దళాన్ని బయటికి తీశాను.

ఐదు పాచికలు వేశాను, నాలుగు తగిలాయి. నాన్నగారు చాలాసేపు ఆ చేనునే చూశారు. పట్టా అంచు పట్టుకుని ఎత్తి, కింద ఇంకెవరైనా ఉన్నారేమో చూశారు. అప్పుడు ఊరి పేరు చెప్పాను. తాను ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు ఏలేరు కాలువల పనిమీద అటు పొలాల్లో గొలుసు పట్టుకుని తిరిగానని, ఎవరూ ఒక్క మాట చెప్పలేదని అన్నారు.

రాత్రి భోజనం అయ్యాక సంచిలోంచి ఒక పత్రిక తీసుకుని, భూతద్దంతో పడకగదిలోకి వెళ్లారు. పొద్దున బల్లమీద ముక్కలన్నీ మళ్లీ పేర్చి ఉన్నాయి. ఈసారి ఫోర్డ్ ఆయనట. మూలన చిన్న అట్టముక్కమీద ఉత్తరం గుర్తు వేసి అతికించారు.

పాచికల సంచి | నవంబర్ 18, ఉదయం 8:02

డిసెంబర్‌లో మేము ముగ్గురం విజయవాడ వస్తాం. నాన్నగారిని అడిగి తేదీ చెప్పండి.

రంగులడబ్బా | నవంబర్ 18, ఉదయం 8:40

జెండాలు ఎంత పొడవు గీశారండీ? కనిపించడమే ఇక్కడ ముఖ్యం కాబట్టి అడుగుతున్నాను. నేనూ ఒక జత చేసుకుంటాను.

బెజవాడ పాఠకుడు | నవంబర్ 18, రాత్రి 9:05

కర్రతో కలిపి ఎనిమిది మిల్లీమీటర్లు. గుడ్డ మాత్రం నాలుగు. మొదట ఐదు గీశాను, నిలబెడితే ముక్క ముందుకు వాలిపోయింది.